దావా గెలిచిన షేరు కొనాలా, దావాతో పనిలేని షేరు కొనాలా?

మా మేనల్లుడు గన్నవరం మేధా టవర్స్‌లో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు, భోజనాలయ్యాక నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "మామయ్యా, పన్నెండు లక్షలున్నాయి. లండన్ షేరు ఒకటి కొందామనుకుంటున్నాను" అన్నాడు. ఆ సొమ్ము ఎక్కడిదో నాకు తెలుసు. నంబూరు దగ్గరున్న స్థలం అమ్మి మా చెల్లెలు వాడి ఖాతాలో వేసిన డబ్బు అది. అందులో ఎనిమిది లక్షలు ఇల్లు కట్టుకోవడానికి దాచమని ఇచ్చింది.

వాడు చెప్పిన కంపెనీ ఒకాడో. ఇంగ్లండులో ఆన్‌లైన్‌లో కిరాణా అమ్ముతూ పెరిగి, ఇప్పుడు ఆ పనికి కావలసిన రోబోలను, సాఫ్ట్‌వేరును ఇతర దేశాల దుకాణాలకు అందిస్తున్న సంస్థ. "పెద్ద పేటెంటు దావా గెలిచారు మామయ్యా. అవతలివాళ్లే డబ్బు కట్టారు. అయినా షేరు ఇంత చవకగా ఉంది. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా?" అని అడిగాడు.

మూడు వారాలు గడువు అడిగాను. అరండల్‌పేటలో కూర్చుని ముప్ఫై ఏళ్లుగా మిర్చి యార్డు వ్యాపారుల లెక్కలు రాస్తున్నవాణ్ణి. తగాదాలో ఉన్న సరుకు, తగాదాలో ఉన్న పొలం ధర ఎలా కదులుతాయో చూసినవాణ్ణి. నేను సెబీ దగ్గర నమోదైన సలహాదారుని కాను. ఆ మూడు వారాల్లో చదివి తేల్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. విజయవాడలో, గుంటూరులో ఇలాంటి ఆలోచనలో ఉన్నవారు ఇంకా ఉన్నారని వాడి స్నేహితుల మాటల్లో అర్థమైంది.

గొడవ దేని మీద

మన కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎలా పేరుస్తారో తెలిసినవారికి ఈ యంత్రం సులభంగా అర్థమవుతుంది. అడుగు వరసలో ఉన్న టిక్కీ కావాలంటే పైవన్నీ హమాలీలు దించాలి. ఈ గిడ్డంగుల్లోనూ ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి బావిలా పేర్చి ఉంటాయి. మధ్యలో నడవడానికి దారి ఉండదు. పైన చదరంగం బల్లలాంటి లోహపు చట్రం ఉంటుంది. దాని మీద వందలాది రోబోలు అటూ ఇటూ పరుగెత్తుతూ, కావలసిన పెట్టెను పైకి లాగి, సరుకులు ఏరే మనిషి దగ్గరకో యంత్రపు చేతి దగ్గరకో చేరుస్తాయి. ఒక్క అంగుళం కూడా వృథా కాని నిల్వ పద్ధతి ఇది.

ఈ ఆలోచనను మొదట అమ్మకానికి తెచ్చింది నార్వేకు చెందిన ఆటోస్టోర్. 1996లో పుట్టిన సంస్థ. ఒకాడో 2000లో పుట్టింది, 2012 నుంచి ఆటోస్టోర్ దగ్గర కొనుగోలుదారుగా ఉంది. తర్వాత తన రోబోలను తానే తయారు చేసుకుంది. 2020 అక్టోబరులో ఆటోస్టోర్ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ దావాలు వేసింది. మా ఆలోచన తీసుకుని మాకే పోటీగా వచ్చారన్నది దాని ఫిర్యాదు. ఒకాడో ఊరుకోలేదు, 2021లో ఎదురు దావాలు వేసింది.

ఇందులో మదుపరి గమనించవలసిన విషయం దావా వేసిన చోటు. అమెరికాలో ఆటోస్టోర్ మామూలు కోర్టుతో పాటు అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు వెళ్లింది. ఆ కమిషన్ నష్టపరిహారం ఇప్పించదు. సరుకును దేశంలోకి రాకుండా ఆపగలదు. మన పొలం తగాదాల భాషలో చెప్పాలంటే, పరిహారం దావాకూ ఇంజంక్షన్‌కూ ఉన్న తేడా ఇది. డబ్బు దావా ఓడితే కంపెనీ కొంత నష్టపోతుంది. దిగుమతి ఆగితే ఆ దేశంలో వ్యాపారమే ఆగుతుంది. అప్పటికే అమెరికాలో క్రోగర్ అనే పెద్ద కిరాణా సంస్థ కోసం ఒకాడో గిడ్డంగులు కడుతోంది. అందుకే ఆ దావా ఒకాడోకు అంత పెద్ద ముప్పు.

2021 డిసెంబరులో కమిషన్ న్యాయమూర్తి ఒకాడోవైపు తేల్చారు. విచారణకు నిలిచిన నాలుగు పేటెంట్లలో మూడు చెల్లవు, నాలుగోదాన్ని ఒకాడో అతిక్రమించలేదు. 2022 మార్చిలో కమిషన్ దాన్నే ఖాయం చేసింది. 2023 మార్చిలో లండన్ హైకోర్టు తీర్పు వచ్చింది. అక్కడ కూడా ఆటోస్టోర్ పేటెంట్లు నిలవలేదు.

ఎందుకు నిలవలేదో చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 2010లో రష్యా కేంద్ర బ్యాంకుకు ఈ యంత్రాన్ని అమ్మే ప్రయత్నంలో ఆ రోబో రూపకల్పన వివరాలు గోప్యత కట్టుబాటు లేకుండా బయటికి వెళ్లాయి. పేటెంటుకు మొదటి షరతు కొత్తదనం. దరఖాస్తు వేయకముందే బయటపడ్డ విషయం చట్టం దృష్టిలో కొత్తది కాదు. తీర్పుకు పదమూడేళ్ల ముందు ఎవరో అమ్మకందారు చూపించిన కాగితాలు లండన్‌లో పేటెంట్లను కూల్చాయి. స్థలం కొనేటప్పుడు ముప్ఫై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఎందుకు చూస్తామో, ఇక్కడా అదే కారణం. ఎన్నడో జరిగిన చిన్న పని ఇవాళ్టి హక్కును చెరిపేస్తుంది. బయటివారికి అది ముందుగా కనిపించే వీలు లేదు. అందుకే పేటెంటు దావాలో ఎవరు గెలుస్తారో ఊహించి షేరు కొనడం చిన్న మదుపరి చేయదగిన పని కాదని నా గట్టి అభిప్రాయం.

2023 జులైలో రాజీ కుదిరింది. ఆటోస్టోర్ ఒకాడోకు 20 కోట్ల పౌండ్లు, అంటే అప్పటి రేటున రెండు వేల కోట్ల రూపాయల పైచిలుకు, 24 నెలసరి వాయిదాల్లో చెల్లించేలా ఒప్పుకుంది. ఒకరి ఉత్పత్తుల మీద మరొకరు దావాలు వేసుకోకుండా ఉండేలా, 2020కి ముందరి పేటెంట్లలో కొన్నింటిని పరస్పరం వాడుకునేలా రాసుకున్నారు. ఆ వాయిదాలు 2025 నడుమకే పూర్తయ్యాయి. ఇవాళ షేరు కొనేవారికి ఆ గెలుపు సొమ్ములో పైసా రాదు. మా వాడికి ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడే ముఖం మారింది.

గెలిచినవాడి షేరు ఎందుకు పడింది

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు అంటారు. ఒకాడో షేరు 2010లో లండన్ మార్కెట్‌కు 180 పెన్నీలకు వచ్చింది. కరోనా కాలంలో జనం ఇళ్లలోనే ఉండి సరుకులు తెప్పించుకుంటున్నప్పుడు 2,800 పెన్నీలు దాటింది. గమనించండి, దావా నెత్తిన ఉన్న రోజులవి. దావా గెలిచింది, రాజీ సొమ్ము వచ్చింది. షేరు మాత్రం 2024 జూన్‌లో, లండన్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100 నుంచి బయటికి వెళ్లింది. 2025 నవంబరుకల్లా మొదటి 180 పెన్నీల దరిదాపులకు దిగింది. శిఖరం మీద లక్ష రూపాయలు పెట్టినవారికి, మారకం తేడా పక్కన పెడితే, ఆరు వేల చిల్లర మిగిలింది.

కారణం కోర్టులో లేదు, కొనుగోలుదారు దగ్గర ఉంది. 2018 మేలో క్రోగర్‌తో ఒప్పందం ప్రకటించిన రోజు ఒకాడో షేరు ఒక్కసారిగా 44 శాతం పెరిగింది. ఇరవై గిడ్డంగుల వరకు కడతామన్న మాట అది. ఏడేళ్లు గడిచినా ఆ సంఖ్యలో సగానికి కూడా చేరలేదు. 2025 నవంబరులో క్రోగర్ మూడు గిడ్డంగులు మూసేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి నెలలో పరిహారంగా 35 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. చేతికి వచ్చే సొమ్ముగా చూస్తే మంచిదే. కానీ ఒకాడో ఆదాయం నడిచే తీరు చూస్తే ఆ వార్త బరువు తెలుస్తుంది. గిడ్డంగిలోని యంత్రాల ఖర్చు చాలావరకు ఒకాడోయే ముందు పెట్టుకుంటుంది. తర్వాత ఏళ్ల తరబడి, వాడుకునే సామర్థ్యాన్ని బట్టి రుసుము తీసుకుంటుంది. ఆ ఏళ్లు గడవకముందే గిడ్డంగి మూతపడితే లెక్క తలకిందులవుతుంది. పాడి గేదెను అప్పు చేసి కొని, పాలు పోయించుకునే ఇల్లు ఊరు వదిలి వెళ్లినట్టు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో ఇంగ్లండులో ఒకాడోకున్న ఆండోవర్ గిడ్డంగి అగ్నికి ఆహుతైంది. 2021 జులైలో ఎరిత్‌లో మూడు రోబోలు ఢీకొని మళ్లీ మంటలు లేచాయి. ఏ పేటెంటూ వీటి నుంచి కాపాడదు. దావా వార్తలు చదివే మదుపరి ఈ వార్తలను చిన్నవిగా చూస్తాడు, అదే పొరపాటు.

పేటెంటు పొలం చుట్టూ కంచె లాంటిది. కంచె లేకపోతే పశువులు పడతాయి, నిజమే. కంచె ఎంత గట్టిదైనా లోపల పైరు వేయకపోతే గింజ రాదు. మా వాడు కంచె తగాదా గెలిచిన సంగతి చూశాడు, కోతకు వచ్చిన పైరు ఎంతో చూడలేదు.

ఓడినవాడి షేరు సంగతి

ఆటోస్టోర్ తీరు వేరు. తన చట్రాలను, రోబోలను పంపిణీ భాగస్వాముల ద్వారా అమ్ముతుంది. అమ్మగానే డబ్బు వస్తుంది. కిరాణా ఒక్కటే కాదు, బట్టలు, మందులు, యంత్రాల విడిభాగాలు, ఏ గిడ్డంగైనా దానికి గిరాకీయే. దావా ఓడినా, ఆ 20 కోట్ల పౌండ్ల రాజీ సొమ్ము పక్కన పెడితే, వ్యాపారం లాభంలోనే నడిచింది.

అయినా దాని షేరూ పడింది. 2021 అక్టోబరులో ఓస్లో మార్కెట్‌కు 31 నార్వే క్రోనర్లకు వచ్చి, 2025లో పది క్రోనర్ల లోపుకు దిగింది. అమ్మకాలు 2023లో సుమారు 64.5 కోట్ల డాలర్లుంటే 2024లో సుమారు 60 కోట్లకు తగ్గాయి. వడ్డీలు పెరిగి, కొత్త గిడ్డంగులు కట్టేవారు వెనుకాడారు. గెలిచినవాడూ పడ్డాడు, ఓడినవాడూ పడ్డాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే నాకు ఈ మూడు వారాల్లో దక్కిన అసలు పాఠం. దావా ఫలితం ఇద్దరి షేరునూ నిర్ణయించలేదు.

ఈ రెండింటిలో ఒకటే కొనాలంటే నేను ఆటోస్టోర్ వైపు మొగ్గుతాను. ముందు ఖర్చు పెట్టి పదేళ్లు రుసుము కోసం చూసే సంస్థ కంటే, అమ్మి డబ్బు తీసుకునే సంస్థ లెక్కలు నాలాంటివాడికి చదవడం తేలిక. ఒకాడోను ఇష్టపడేవారు ప్రతి అర్ధ సంవత్సరం ఒకే ప్రశ్న వేసుకోవాలి. భాగస్వాములు కొత్త గిడ్డంగులు తెరుస్తున్నారా, ఉన్నవాటిలో వాడకం పెరుగుతోందా? ఆ జవాబు వెతికే ఓపిక లేకపోతే ఆ షేరు జోలికి వెళ్లకూడదు.

మన మార్కెట్‌లో ఉన్నవి

బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఆన్‌లైన్ కిరాణా ఎంతగా వచ్చేసిందో కనిపిస్తుంది. ఈ వ్యాపారంలో షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద పేర్లు రెండు. బ్లింకిట్‌ను నడిపే ఎటర్నల్, ఇన్‌స్టామార్ట్‌ను నడిపే స్విగ్గీ. ఎటర్నల్ అంటే మొన్నటి జొమాటోయే. 2022లో 4,447 కోట్ల రూపాయల విలువకు బ్లింకిట్‌ను కొంది. అప్పట్లో ఆ కొనుగోలును తప్పుపట్టినవారే ఎక్కువ. 2025 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో బ్లింకిట్ ఆర్డర్ల నికర విలువ భోజనాల ఆర్డర్లను మించింది. స్విగ్గీ 2024 నవంబరులో 390 రూపాయలకు మార్కెట్‌కు వచ్చింది. 2024-25లో ఎటర్నల్ 527 కోట్ల లాభం చూపితే, స్విగ్గీకి 3,117 కోట్ల నష్టం వచ్చింది.

ఈ కంపెనీల బలం పేటెంట్లలో లేదు. మన పేటెంట్ల చట్టం 1970 ప్రకారం, సెక్షన్ 3(కే) కింద, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు గానీ, వ్యాపార పద్ధతికి గానీ, అల్గారిథంకు గానీ పేటెంటు రాదు. పది నిమిషాల్లో పాలప్యాకెట్ చేర్చే ఆలోచన ఎవరి సొంతమూ కాదు. ఎవరు ముందు మంచి చోట చిన్న గోడౌను పట్టారు, ఎవరి దగ్గర సరుకు అయిపోకుండా ఉంటుంది, ఎవరు ఎక్కువ కాలం నష్టం భరించగలరు, పోటీ అంతా అక్కడే. కాబట్టి పేటెంటు భయం ఇక్కడ తక్కువ. ఆ స్థానంలో వేరే భయాలున్నాయి. సరుకుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2024లో వీటి ధరల మీద కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించింది. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులో ఎవరిని కదిలించినా ఆ ఆవేదనే వినిపిస్తుంది, నాకు అది న్యాయంగానే తోస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, డెలివరీ చేసేవారి సంక్షేమానికి ఈ సంస్థలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం ఇవ్వాలంటోంది. ఎండలో బండి నడిపేవారికి దక్కవలసినదే అది. మదుపరి మాత్రం ఆ ఖర్చును లెక్కలో వేసుకోవాలి.

మూడో దారి, టెక్నాలజీని అమ్మేవారినీ, దాని కోసం డబ్బు కాల్చేవారినీ వదిలి, సరుకు అమ్మి లాభం తీసే దుకాణాన్ని కొనడం. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2017 మార్చిలో 299 రూపాయలకు మార్కెట్‌కు వచ్చింది. 2025 మార్చికి 415 దుకాణాలున్నాయి. ఆన్‌లైన్ వైపు నెమ్మదిగా నడుస్తోంది. ఆ నెమ్మది దాని బలహీనత అని కొందరంటారు. షేరు ధర ఎప్పుడూ ఖరీదుగానే ఉంటుందన్నది నిజమైన అభ్యంతరం. అయినా ఈ మూడింట్లో నాకు నిద్ర పట్టనిచ్చేది ఇదే.

మనూరి స్టార్టప్, "పేటెంటు వస్తోంది" అన్న మాట

ఈ భాగం రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ విజయవాడ, గుంటూరు కుటుంబాలకు లండన్ షేరు కంటే ఈ ప్రమాదమే దగ్గర.

కొన్నేళ్ల క్రితం తెలిసినవారి ద్వారా విజయవాడలో మొదలైన ఒక చిన్న కంపెనీలో నేను మూడు లక్షలు పెట్టాను. రైతు దగ్గర నుంచి కూరగాయలు నేరుగా అపార్టుమెంట్లకు చేర్చే పని. వాళ్ల దగ్గర సరుకు గ్రేడు చేసే చిన్న యంత్రం ఉందని, దానికి పేటెంటు వస్తోందని చెప్పారు. కాగితం మీద దరఖాస్తు సంఖ్య చూపించారు. ఆ సంఖ్య చూసి నేను సంతోషించాను. దాని అర్థం ఏమిటో అడగలేదు. రెండేళ్ల తర్వాత తెలిసింది, అది ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు. అలాంటి దరఖాస్తు వేశాక పన్నెండు నెలల్లో పూర్తి వివరాలతో రెండోది వేయాలి. వాళ్లు వేయలేదు. దరఖాస్తు దానంతటదే రద్దయింది. మాకు మాత్రం "పేటెంటు వస్తోంది" అనే చెబుతూ వచ్చారు. ఆ మూడు లక్షలు తిరిగి రాలేదు. మా ఇంటావిడకు ఆ మాట చెప్పిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు నేను అడగవలసిన ప్రశ్నలు మీరు అడగండి. దరఖాస్తు ప్రొవిజనలా, పూర్తిదా? పూర్తిదైతే, మొదటి దరఖాస్తు వేసిన పద్దెనిమిది నెలలకు అది ప్రచురితమవుతుంది. భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతికి చదవవచ్చు. పరీక్షించమని కోరుతూ ఫారం 18 వేశారా? వేయకపోతే ఎవరూ ఆ దరఖాస్తును ముట్టుకోరు. ఇప్పటి నిబంధనల ప్రకారం దానికి గడువు 31 నెలలు. పేటెంటు నిజంగా మంజూరైతే, ఏటేటా రుసుము కడుతున్నారా? కట్టకపోతే అది చచ్చిపోతుంది. పేటెంటు ఎవరి పేరున ఉంది, కంపెనీ పేరునా, వ్యవస్థాపకుడి సొంత పేరునా? ఈ చివరి ప్రశ్న మా మూడు లక్షల విషయంలో అన్నిటికంటే ముందు అడగవలసినది. ఆ యంత్రం హక్కు కంపెనీకి లేదు, ఒక వ్యక్తికి ఉంది. అతను వెళ్లిపోతే కంపెనీ చేతిలో ఖాళీ గోడౌను అద్దె ఒప్పందం మిగిలింది.

మంజూరైన పేటెంటుకైనా గ్యారంటీ లేదు. మంజూరు ప్రచురితమైన ఏడాది లోపు ఆసక్తి ఉన్నవారెవరైనా అభ్యంతరం వేయవచ్చు. తర్వాత కోర్టులో రద్దు కోరవచ్చు. ఆటోస్టోర్ వంటి సంస్థ, అంత ఖర్చు పెట్టి లాయర్లను పెట్టుకుని, తన పేటెంట్లను నిలబెట్టుకోలేకపోయింది. పదిమంది ఉద్యోగులున్న సంస్థకు ఒక పెద్ద కంపెనీ నోటీసు పంపితే, తప్పు ఎవరిదైనా సరే, కేసు నడిపే స్తోమతే ఉండదు. బ్యాంకు అప్పు ఆగిపోతుంది, కొత్త పెట్టుబడి పెట్టేవారు వెనక్కి తగ్గుతారు. పెద్ద సంస్థకు దావా ఒక ఖర్చు పద్దు, చిన్న సంస్థకు అది ఊపిరి తీసేది. ఈ తేడాను పోలికలో అన్నిటికంటే పైన పెడతాను.

ఒక చట్టం సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటు కంపెనీ తన షేర్లు కొనమని జనాన్ని బహిరంగంగా పిలవకూడదు. పేర్లు ఎంచుకుని, ఏడాదిలో రెండు వందల మందికి మించకుండానే ఇవ్వాలి. వాట్సాప్ గుంపులో "మన ఊరి కంపెనీ, వాటాలు మిగిలాయి" అని సందేశం వస్తే, పేటెంటు సంగతి దాకా వెళ్లనక్కర్లేదు, అక్కడే ఆగిపోవచ్చు.

డబ్బు పంపే దారి, పన్ను

విదేశీ షేరు కొనాలంటే రిజర్వు బ్యాంకు అనుమతించిన పరిమితి మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. మనలాంటివారికి ఆ పరిమితితో ఇబ్బంది లేదు, ఇబ్బంది బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను (టీసీఎస్)తో. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పెట్టుబడికి పది లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్నుగా పట్టుకుంటుంది. మా వాడు పన్నెండు లక్షలూ ఒకేసారి పంపితే రెండు లక్షల మీద నలభై వేలు ఆగిపోతాయి. రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ సొమ్ము మనది కాదు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే అసలు ఆ బెడదే ఉండదు.

విదేశీ షేరును 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. అంతకు ముందే అమ్మితే జీతం శ్లాబు ప్రకారం. మన మార్కెట్ షేర్లకు పన్నెండు నెలలు చాలు, పైగా ఏడాదికి లక్షా పాతిక వేల లాభం వరకు దీర్ఘకాల పన్ను లేదు. లండన్‌లో కొనేటప్పుడు అర శాతం స్టాంపు డ్యూటీ వేరే ఉంది. విదేశీ షేరు ఒక్కటున్నా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు తప్పక నింపాలి. నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. లాభం లేదు కదా, అమ్మలేదు కదా అంటారు. అమ్మకపోయినా చూపించాలి.

ఇంకొకటి, మన దగ్గర తేలిగ్గా దొరికే యాప్‌లు చాలావరకు అమెరికా షేర్లకే దారి ఇస్తాయి. లండన్, ఓస్లో కావాలంటే అంతర్జాతీయ బ్రోకరు ఖాతా తెరవాలి. ఒక్క షేరు కోసం ఇంత తిరుగుడు అవసరమా అని ముందే ఆలోచించుకోవాలి.

మా వాడికి చెప్పింది

శివరాత్రి ముందు ఆదివారం వాడు మళ్లీ వచ్చాడు. ఈ కాగితాలన్నీ ముందు పెట్టాను. ఎనిమిది లక్షలు ఇంటి డబ్బు, దాన్ని షేర్ల వైపే తీసుకెళ్లవద్దన్నాను. ఇల్లు రెండేళ్లలో కట్టాలనుకుంటే బ్యాంకు డిపాజిట్టే దాని చోటు. మిగిలిన నాలుగు లక్షల్లో రెండు సూచీ ఫండులో నెలనెలా వేయమన్నాను. ఒక లక్ష డీమార్ట్ గానీ ఎటర్నల్ గానీ, ఏది ఎందుకు కొంటున్నాడో ఒక పేజీ రాసి నాకు చూపించాక. చివరి లక్ష వాడి ఇష్టం, ఒకాడో మీద అంత మనసుంటే అంతవరకే.

"ఇంకో దావా వస్తే మామయ్యా?" అని అడిగాడు. ఎవరు వేశారు, ఏ దేశంలో వేశారు, డబ్బు అడిగారా, అమ్మకం ఆపమన్నారా, ఆ పేటెంటుకు ఇరవై ఏళ్ల గడువులో ఇంకా ఎంత మిగిలింది, ఈలోగా కొనుగోలుదారులు కొత్త ఒప్పందాలు రాస్తున్నారా మానేశారా, ఈ ఐదూ కాగితం మీద రాసుకుని ఆ తర్వాత నాకు ఫోను చేయమన్నాను. ఐదోదానికి జవాబు బాగుంటే మొదటి నాలుగు చూసి భయపడి అమ్మవద్దని కూడా చెప్పాను.

ఒకాడో అర్ధ సంవత్సర ఫలితాలు జులైలో వస్తాయి. వాడు ఫోనులో ఆ నెలకు గుర్తు పెట్టుకున్నాడు. అప్పటిదాకా లండన్‌కు రూపాయి పంపనని, ఎనిమిది లక్షల డిపాజిట్టు సోమవారమే వేస్తానని అన్నాడు. ఆ రాత్రి మా చెల్లెలికి ఫోను చేసి ఆ సంగతి నేనే చెప్పాను.